వెనక నడిచే డ్యూటీ

చిన్నతల్లి నడిచిన దూరమంతా తాడుగా పేనితే దాంతో భూగోళానికి మొలతాడు కట్టి, మిగిలిన ముక్కతో బిలాస్‌పూర్ యార్డులోని ఇంజన్లన్నిటినీ గేదెల్లాగా వరసగా కట్టేసుకోవచ్చు. నమ్మకపోతే మానెయ్యండి, కొలిచినవాణ్ణి నేను. అయినా కొంత తగ్గించే చెబుతున్నాను. ఈ కథలో నేనాడిన అబద్ధం ఒకటి రావలసి ఉంది, దానికి చోటు ఉంచాలి కదా.

నలభై రెండో సంవత్సరం మాట. నా పేరు బంగార్రాజు. యార్డులో పట్టాలు మార్చే పాయింట్సుమన్ని. బొబ్బిలి పక్క పల్లెలో నాలుగో తరగతి దాకా వీధిబడిలో చదివి, రైలెక్కి వచ్చి ఇక్కడ పడ్డాను. కాలనీలో మా దేశపు వాళ్ళందరికీ నేను కోతల బంగార్రాజుని. నన్ను కరిచిన పాము నురగలు కక్కి చచ్చిందనీ, దాని పెద్దదినానికి పదిమందికి భోజనాలు పెట్టాననీ చెప్పి, ఆ భోజనం తిన్నామనేవాళ్ళని కూడా నలుగురిని తయారుచేసినవాణ్ణి.

ఆ ఏడు ఎండాకాలంలో హౌరా పాసింజరులోంచి టెక్కలి వైపు పెద్దమనిషి ఒకాయన ఎనిమిదేళ్ళ పిల్లని దించి, ఫైర్‌మన్ అప్పలకొండ క్వార్టరు ఎక్కడని అడిగాడు. ఆ పిల్లే చిన్నతల్లి, అప్పలకొండకి మేనకోడలు. తల్లి పురిట్లోనే పోతే, రంగంలో, అంటే రంగూన్‌లో, బియ్యం మిల్లులో పనిచేసే తండ్రే పెంచుకున్నాడు. రంగం మీద జపాను వాళ్ళ బాంబులు పడ్డాక తండ్రీ కూతుళ్ళిద్దరూ వేల జనంతో కలిసి కొండలూ అడవులూ పట్టుకుని కాలినడకన బయల్దేరారు. దారిలో తండ్రికి జ్వరం తగిలి ఒక మలుపులో కూర్చుండిపోయాడు. వెనక వచ్చిన గుంపు అతన్ని మట్టి చేసి వచ్చింది. ఈ సంగతి ఆ పెద్దమనిషి అప్పలకొండ చెవిలో వేసి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. పిల్లకి మాత్రం ఎవరూ చెప్పలేదు. పిల్ల అడగనూ లేదు. నోరు తెరిస్తే కదా అడగడానికి.

నోరు తెరవదు, కాలు ఆపదు. తెల్లారేసరికి మూట చంకన పెట్టుకుని వీధిలో ఉండేది. మూటలో తండ్రి లుంగీ, ఒక ఇత్తడి చెంబు, అంతే. అన్నం పెడితే ముద్ద నోట్లో పెట్టుకుని మంచం చుట్టూ తిరుగుతూ నమిలేది. కూర్చోబెడితే లేచేది. పట్టుకుంటే కరిచేది. దీపాలవేళకి నరికిన అరటిచెట్టులా ఎక్కడికక్కడ పడి నిద్రపోయేది. అప్పలకొండ భార్య మంగాయమ్మకి చంకలో చంటిపిల్లాడు. వాడికి పాలిచ్చి తల ఎత్తేలోగా పిల్ల గుమ్మంలో ఉండేది కాదు.

ఒకసారి యార్డులో రెండు గూడ్సు వ్యాగన్ల మధ్య కప్లింగు కిందనుంచి నేనే లాగాను. రెండోసారి సిగ్నలు దగ్గర పట్టాల మీద నడిచిపోతుంటే ట్రాఫిక్ ఇనస్పెక్టరు దొర కంటబడింది. ఆయన అప్పలకొండని పిలిపించి ఒక్కటే మాట అన్నాడు. "మూడోసారి ఈ పిల్ల పట్టాల మీద ఒంటరిగా కనబడితే షెడ్డుకి కాగితం రాస్తాను. పిచ్చాసుపత్రికి పంపుతావో, క్వార్టరు ఖాళీ చేస్తావో నీ ఇష్టం." దొర చెడ్డవాడు కాదు. అంతకు ముందు నెలలోనే పట్టాల మీద పడ్డ ఒక పిల్లాణ్ణి ఆయన తన చేతుల్తో ఎత్తాడు. అది మళ్ళీ చూడలేనన్నాడట.

మంగాయమ్మ పిల్ల కాలికి తాడేసి మంచం కోడుకి కట్టింది. పిల్ల ఆ తాడుతోనే మంచం చుట్టూ తిరిగింది. మూడు రోజులకి చీలమండ పుండైంది. అప్పుడొచ్చింది అచ్చియమ్మ.

అచ్చియమ్మ గ్యాంగుమన్ పెళ్ళాం. మొగుడు పోయాక కాలనీ చివర రేకుల పాకలో ఉండేది. దడుపు జ్వరం వచ్చిన పిల్లల్నీ, నిద్రలో లేచి ఏడ్చే పిల్లల్నీ ఆవిడ దగ్గరికే తీసుకెళ్ళేవారు. ఏ మంత్రమూ వేసేది కాదు. అడ్డపొగ పెట్టుకుని, అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లోపల పెట్టుకుని, పిల్లతో పాటు కూర్చునేది. నోట్లో నిప్పు ఉండటం వల్ల ఎక్కువ మాట్లాడేది కాదు. మాట్లాడితే మాత్రం ఆ నిప్పంతా బయటికొచ్చేది.

"ఏటే మంగా ఇది? గుంటా, గేదా?"

"మరేటి సెయ్యమంటావత్తా? ఒగ్గేస్తే యార్డులో ఉంటాది. దొర కాగితం రాస్తానన్నాడు. మేవెక్కడికి పోవాల?"

"నడవనీ."

"నడిస్తే పట్టాల మీదకి పోదేటి?"

"ఎనకాల మనిసుంటే ఏల పోతాది? నడిసినన్నాళ్ళు నడుస్తాది. దాని కాళ్ళు ఇంకా రంగం నుంచి రాలేదే. ఆటిని రానీ."

తాడు విప్పి, తనే పిల్ల వెనక బయల్దేరింది. సదర్ బజారు దాకా, అర్పా నది దాటి తిఫ్రా దాకా, అక్కణ్ణించి వెనక్కి. నాలుగు రోజులు నడిచింది. అయిదో రోజు నేను వెళ్ళేసరికి మోకాళ్ళు రెండూ తాటికాయల్లా వాచి ఉన్నాయి. ఆముదం ఆకులు కట్టుకుని గోడకి జారబడి ఉంది. గుమ్మంలో ముగ్గురు తల్లులు. ఒకావిడ విశాఖపట్నం నుంచి వచ్చింది. అక్కడ బాంబు పడ్డ నాటి నుంచీ ఆవిడ కొడుకులిద్దరూ మంచం కింద నుంచి రావడం లేదు. ఇంకొకావిడ కూతురు షెడ్డు కూత విన్నప్పుడల్లా పక్క తడిపేస్తోంది. మూడో ఆవిడ ఏం చెప్పకుండా ఏడుస్తోంది.

"ఏటత్తా, నీ మోకాళ్ళు రెండూ డబల్ డ్యూటీ సేసినట్టున్నాయే?"

"పరాసికాలు తరవాత. ఒరే బంగారీ, నువ్వు డ్యూటీ దిగితే నీ సోట్లోకి ఇంకొకడొస్తాడా?"

"రాకపోతే ఎలగ? రిలీఫొస్తేనే గదా నాను దిగేది."

"డ్రైవరుకి?"

"ఆడికీ రిలీఫే."

"మరి నాకు రిలీఫెవుడున్నాడ్రా?"

నేను నవ్వబోయి మానేశాను. ఆవిడ నవ్వడం లేదు.

ఆ సాయంత్రమే షెడ్డు గుమాస్తా జగన్నాథం గారిని ఆవిడ పాకకి తీసుకెళ్ళాను. ఏ డ్రైవరు ఏ బండికి, ఏ ఫైర్‌మన్ ఎప్పుడు దిగాలి, ఈ లింకంతా గీసేది ఆయనే. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ కూడా వచ్చింది. ఇంకో పదిమంది దాకా పోగయ్యారు.

"పిల్ల ఎనకాల నడవడానికి డ్యూటీ ఏటత్తా?" అన్నాడొక ఫైర్‌మన్. "పేరేటి పెడదాం, ఆయా డ్యూటీయా?"

అచ్చియమ్మ చుట్ట తీసి చేత్తో పట్టుకుంది. "గార్డు డ్యూటీ. ఆ గుంట నూరడుగులకోసారి ఎనక్కి తిరిగి సూస్తాది. ఏల సూస్తాదో నాకు తెల్దు. సూసినప్పుడు ఎనకాల మనిసి కనబడాల. కనబడితే తిన్నగా నడుస్తాది. కనబడకపోతే బెదిరి పరిగెడతాది, అప్పుడే పట్టాలెక్కుతాది. అంతే పని."

ఆ మాటతో రైల్వే వాళ్ళందరికీ సంగతి బోధపడింది. బండి కదిలాక డ్రైవరు వెనక్కి చూస్తాడు. చివరి పెట్టెలోంచి గార్డు జెండా ఊపుతాడు. ఊపకపోతే డ్రైవరు బండి తోలడు. ఈ పాటి సంగతి మా ఇళ్ళల్లో పాలు తాగే పిల్లలకీ తెలుసు. ఆయా డ్యూటీ అన్న ఫైర్‌మనే ముందు పేరు రాయించాడు.

జగన్నాథం గారు అక్కడే కాగితం మీద లింకు గీశారు. పొద్దుటి నుంచి దీపాలవేళ దాకా మూడు షిఫ్టులు, తొమ్మిదిమంది మనుషులు. డ్రైవరుకి కొత్త లైను ఇచ్చేముందు ఆ లైను తెలిసినవాడి పక్కన మూడు ట్రిప్పులు తిప్పుతారు. దాన్ని రోడ్డు నేర్చుకోవడం అంటారు. ఇక్కడా అదే పద్ధతి. కొత్తవాడు అచ్చియమ్మ మెచ్చినవాడితో మూడు నడకలు నడవాలి, అటు తరవాతే ఒంటరి డ్యూటీ. ముందు నడవకూడదు. చెయ్యి పట్టుకోకూడదు. ఏమీ అడగకూడదు. పిల్ల అడిగితే మాత్రం ఉన్నమాటే చెప్పాలి.

మొదటి నడకలోనే నేను తప్పాను. అర్పా వంతెన మీద ఊరికే నడవలేక, ఈ నదిలో ఒక మొసలి గార్డు చేతి దీపాన్ని మింగిందనీ, అది నోరు తెరిస్తే డ్రైవర్లు పచ్చ దీపం అనుకుని బండి తోలేస్తున్నారనీ చెప్పాను. పిల్ల పరుగందుకుంది. రెండో నడకలో నోట్లో వక్క పెట్టుకున్నాను. తిఫ్రా చేరేలోపలే అది అరిగిపోయి, నోరు మళ్ళీ తెరుచుకుంది.

"నువ్వు గూడ్సుకి పనికొస్తావు గానీ పాసింజరుకి పనికిరావు" అని అచ్చియమ్మ నా పేరు కొట్టించేసింది. కాలనీలో వారం రోజులు ఇదే నవ్వు.

మిగతా వాళ్ళు నడిచారు. ఆషాఢం వానల్లో గొడుగులేసుకుని, డ్యూటీ దిగిన మసిబట్టలతోనే నడిచారు. సదర్ బజారు మార్వాడీలు దుకాణాల్లోంచి చూసి, తెలుగువాళ్ళకి ఇదేదో మొక్కు కాబోలు అనుకునేవారు. ఒకాయన నిజంగానే చిన్నతల్లి కాళ్ళ మీద పువ్వులు వేశాడు. మూడు వారాల్లో పిల్ల ఒక్కసారి కూడా పట్టాల దగ్గరికి పోలేదు. ఒకరోజు జడ ముడేసుకుంటూ మూటని కాసేపు లక్ష్మీనరసమ్మ చేతికిచ్చింది. ఆ సంగతి కాలనీ అంతా దేశం నుంచి వచ్చిన ఉత్తరంలా ఇంటింటికీ తిరిగింది. ఈలోగా అచ్చియమ్మ కుంటుకుంటూ వెళ్ళి విశాఖపట్నం పిల్లల మంచం పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆగస్టులో ఊళ్ళలో గొడవలు లేచాయి. ఎక్కడో పట్టాలు పీకారన్నారు. మిలిటరీ స్పెషళ్ళు ఒకదాని వెనక ఒకటి. మగవాళ్ళు ఎక్కిన డ్యూటీ దిగడం లేదు. జగన్నాథం గారి లింకు చిరిగిన వలలాగా తయారైంది.

ఆ రోజుల్లో కాలనీలో ఖాళీగా ఉన్న మగాణ్ణి నేనొక్కణ్ణే. కప్లింగులో బొటనవేలు నలిగింది. ఆ వేలి దెబ్బని నేను మణికట్టుకీ, మణికట్టు నుంచి మోచేతికీ, అక్కణ్ణించి భుజానికీ ఎక్కించి, చెయ్యి పైకి లేవడం లేదని డాక్టరుకి చెప్పి సిక్కు సెలవు రాయించుకున్నాను. పడుకుని మా ఆవిడ చేత అన్నం కలిపించుకుంటున్నాను.

ఒక మధ్యాహ్నం లక్ష్మీనరసమ్మ వణుకుతూ మా గుమ్మంలో నిలబడింది. ఒళ్ళు పేలిపోతోంది, మలేరియా. అప్పటికే చిన్నతల్లి వీధి మలుపు దాకా పోయి వెనక్కి చూస్తోంది.

"తమ్ముడూ, నాను నిలబడలేను. నాలుగ్గంటలకి ఆయన దిగి వస్తారు. అందాకా డ్యూటీ సార్జి తీసుకో."

"నన్ను అత్త కొట్టీసింది కదప్పా."

"ఇంకెవులున్నార్రా? నోరు మాత్రం తెరవకు. నీకు పుణ్యముంటాది."

తలకి గోనెసంచి కప్పుకుని బయల్దేరాను.

ఆ రోజు పిల్ల సదర్ బజారు వైపు తిరగలేదు. గతౌరా వైపు, హౌరా లైను పక్కనుండే కాలిబాట పట్టింది. గతౌరా అయిదారు మైళ్ళలో ఉన్న చిన్న స్టేషను. దారంతా వరిచేలు, మధ్యమధ్య బురదగుంటలు. నేను వెనక నడిచాను. తను తిరిగి చూసినప్పుడల్లా నిలబడి కనబడ్డాను. మొదటి గంట బాగానే గడిచింది. రెండో గంటలో నాలిక దురద పెట్టింది. కొంగల్ని లెక్కపెట్టాను. నాకు నేనే కథ చెప్పుకున్నాను, అది నాకే నచ్చలేదు. మూడు మిలిటరీ స్పెషళ్ళు పోయాయి. నాలుగైంది. అటూ ఇటూ చూస్తే రిలీఫు లేదు. పిల్ల అడుగు తగ్గడం లేదు. అయిదు కావస్తోంది. జగన్నాథం గారు రాలేదు.

అక్కడ కాలిబాట నీళ్ళలో మునిగిపోయి ఉంది. పిల్ల ఆగలేదు. గట్టెక్కి, కంకర మీద నుంచి పట్టాల మధ్యకి వెళ్ళి, స్లీపరు మీద స్లీపరు వేసుకుంటూ నడవడం మొదలెట్టింది. ఏ స్పెషలు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. పట్టుకుంటే కరిచి పరిగెడుతుంది. పిలిస్తే ఆగదు. నా దగ్గర ఏముంది? నోరు తప్ప.

"సిన్నతల్లీ! మీ నాన్న ఒచ్చీసాడే! మంగాయమ్మ క్వార్టర్లో కూకున్నాడు! నీ కోసమే సూస్తన్నాడు!"

పిల్ల ఆగింది.

ఇన్నాళ్ళలో ఆ కాళ్ళు ఆగడం నేను చూడలేదు. వెనక్కి తిరిగింది. నవ్వింది. పై పళ్ళు రెండు ఇంకా రాలేదని నాకప్పుడే తెలిసింది. గట్టు దిగి నా పక్కనుంచే బిలాస్‌పూర్ వైపు పరుగెత్తింది. పట్టాల మీద కాదు, బాట మీదే, నీళ్ళు చిమ్ముకుంటూ.

పది అంగల దూరం నేను మహా సంతోషంగా పరుగెత్తాను. తొమ్మిదిమంది ఇన్ని వారాలు చేసినా కాని పని ఒక్క కోతతో చేశాననుకున్నాను. పదకొండో అంగకి క్వార్టరు తలుపు కళ్ళముందు కనబడింది. తలుపు తోస్తుంది. మంగాయమ్మ, చంటిపిల్లాడు, ఖాళీ మంచం. ఆ తరవాత ఈ పిల్ల వెనక్కి తిరిగి చూస్తుందా? చూసినా, వెనక ఉన్న మనిషిని ఎప్పటికైనా నమ్ముతుందా? అచ్చియమ్మ మోకాళ్ళూ, తొమ్మిదిమంది వానలో తడిసిన వారాలూ, అన్నీ ఆ గుమ్మంలో ఒలికిపోతాయి.

నా బతుకులో అంత పరుగు ఎప్పుడూ పరుగెత్తలేదు. మెయిలుని దాటేశానని చెప్పొచ్చు గానీ చెప్పను. ఎనిమిదేళ్ళ పిల్లని దాటడానికే ఊపిరి పోయింది. ముందుకెళ్ళి అడ్డంగా నిలబడ్డాను.

"అబద్ధం. నాను సెప్పింది అబద్ధమమ్మా. మీ నాన్న రాలేదు."

పిల్ల నవ్వు ఇంకా పోలేదు. అర్థం కాలేదో, నేను ఆడుతున్నాననుకుందో.

"రాడు కూడా. కొండల్లోనే పోయాడు. ఎనకాలొచ్చినోళ్ళు మట్టి సేసి ఒచ్చారు. మాకందరికీ తెల్సు. నీకెవులూ సెప్పలేదు."

మొదటి కంకరరాయి మోకాలికి తగిలింది. రెండోది చెవి పక్కనుంచి పోయింది. తరవాత ఒక్కొక్క రాయితో ఒక్కొక్క మాట వచ్చింది. బొంగురు గొంతు, తుప్పు పట్టిన మడతబందులా.

"నడు అన్నాడు! ఆగకు అన్నాడు! ఎనకాలే ఒస్తానన్నాడు! నువ్వు నడువమ్మా, నానొస్తన్నాను అన్నాడు!"

నేను తప్పుకోలేదు. పదకొండు రాళ్ళు. ఈ లెక్కలో కోత లేదు, మచ్చలు చూపించగలను.

పన్నెండో రాయి చేతిలోనే ఉండిపోయింది. కంకర గట్టు మీద, పట్టాకి మూరెడు దూరంలో, పిల్ల కూర్చుంది. కూర్చుని, మూట ఒళ్ళో పెట్టుకుని, దాని మీద మొహం ఆనించింది. లేపడానికి నాకు చెయ్యి రాలేదు. నాలుగంగలు వెనక్కి వెళ్ళి, చేనుగట్టు మీద గోనెసంచి కప్పుకుని, బండి వస్తే లాగేందుకు సిద్ధంగా కూర్చున్నాను.

వచ్చింది బండి కాదు, ట్రాలీ. నలుగురు కూలీలు తోస్తున్నారు, పైన గొడుగు కింద ఇనస్పెక్టరు దొర. పిల్లని చూసి ట్రాలీ ఆపించాడు. నోటుబుక్కు తీశాడు.

"ఫిర్ వహీ లడ్కీ. అకేలీ?" మళ్ళీ అదే పిల్ల, ఒంటరిగానా అని అటూ ఇటూ చూసి, గోనెసంచి కింద ఉన్న నన్ను గతౌరా రైతుననుకున్నాడు. "ఏ గాఁవ్‌వాలే! ఈ పిల్లతో ఎవరైనా ఉన్నారా?"

నిమిషం కూడా పట్టలేదు, మూడు అబద్ధాలు వరసగా వచ్చి నా నాలిక మీద నిలబడ్డాయి. మూడూ మంచివే. తల అడ్డంగా ఊపి, చేలోకి దిగి పోవచ్చు. సిక్కులో ఉన్న పాయింట్సుమన్ బంగార్రాజు ఇక్కడికి రానే రాలేదు. ఏది చెప్పినా నేను బతుకుతాను. ఏది చెప్పినా పిల్ల ఒంటరిదవుతుంది. దొర రాసే కాగితంలో ఆ ఒక్క మాటే కావాలి.

గోనెసంచి తీసేసి లేచి నిలబడ్డాను.

"ఒంటరిగా లేదు హుజూర్. నా డ్యూటీ. నాలుగ్గంటలకి దిగాలి. రిలీఫ్ రాలేదు."

దొర గొడుగు మూసి మరీ చూశాడు. "బంగార్రాజు? నువ్వు సిక్కులో ఉన్నావు కదా? చెయ్యి లేవదని కదా?"

"అవును హుజూర్."

"ఎత్తు."

ఎత్తాను. సిగ్నలు చెయ్యిలాగా పైకి పోయింది. ట్రాలీ కూలీలు కిసుక్కున నవ్వారు. నా మోకాలి నుంచి కారుతున్న రక్తం చూసి ఒకడు "కా హోగే, భయ్యా?" అని, ఏమైందని అడిగాడు.

ఏం డ్యూటీ, ఎవరి లింకు, ఎంతమంది మనుషులు, అన్నీ అడిగాడు. అన్నీ చెప్పాను, జగన్నాథం గారి కాగితం సంగతితో సహా. దొర పిల్లని చాలాసేపు చూశాడు. పిల్ల తల ఎత్తలేదు. నోటుబుక్కులో రాసుకున్నాడు, పేరు మాత్రం నాది.

"రిలీఫ్ నహీఁ ఆయా, తో చార్జ్ నహీఁ ఛోడా" అన్నాడు ట్రాలీ ఎక్కుతూ. రిలీఫు రాలేదు కాబట్టి చార్జి వదల్లేదన్నమాట. "నీ సర్వీసులో సరిగ్గా చేసిన పని ఇదొక్కటే. పిల్లని పట్టాకి దూరంగా జరుపు."

తిరుగు దారిలో పిల్ల మెల్లగా నడిచింది. ఏవేవో చెప్పింది. కొండల సంగతి, తండ్రి సంగతి, చెంబుతో నీళ్ళు తేవడానికి వెళ్ళిన సంగతి. దేన్నైనా పదింతలు చేసి చెప్పే నేను ఆ మాటల్ని ఇంతవరకు ఎక్కడా ఎవరికీ చెప్పలేదు. ఊరు కనబడుతుండగా జగన్నాథం గారు రొప్పుతూ ఎదురొచ్చారు.

అచ్చియమ్మకి జరిగింది జరిగినట్టు చెప్పాను. చీపురు తిరగేసి నాలుగు అంటించింది. "దాని పేణం తీసీసేవాడివి గదరా!" అని తిట్టి, వెంటనే పిల్ల దగ్గరికి పోయింది. మూడు రోజులు చిన్నతల్లికి జ్వరం. ఏడ్చింది, పడుకుంది, లేచి మళ్ళీ ఏడ్చింది. అన్నం మాత్రం కూర్చుని తింది. అచ్చియమ్మ ఆ గది వదల్లేదు. నాలుగో రోజు పిల్ల మళ్ళీ నడవడానికి లేచింది. నయమైపోయిందని చెబితే మీకు బాగుంటుంది గానీ, కాలేదు.

వారంలో నా కాగితం వచ్చింది. దొంగ సిక్కుకి శిక్షగా నన్ను గతౌరా బదిలీ చేశారు. రోజుకి నాలుగు బండ్లు ఆగే స్టేషను, మాట్లాడదామంటే కొంగలు. కోతలు కోసేవాడికి ఇంతకంటే పెద్ద జైలు ఉండదు.

నేను అక్కడికి వెళ్ళిన ఎనిమిదో రోజు మధ్యాహ్నం కాలిబాట మీద చిన్నతల్లి కనబడింది. వెనక మసిబట్టలతో ఆయా డ్యూటీ అన్న ఆ ఫైర్‌మన్. పిల్ల తిన్నగా వచ్చి నా బెంచీ మీద కూర్చుంది. నీళ్ళడిగింది. ఫైర్‌మన్ చెప్పులు తీసి కాళ్ళు చూసుకుంటూ, "పొద్దున్న లేచి గతౌరా అందిరా, ఒక్కటే మాట. ఇన్నాళ్ళకి ఎక్కడికో పేరు సెప్పి నడిసింది" అన్నాడు. సాయంత్రం పాసింజరులో వెనక్కి వెళ్ళారు. పెట్టెలో కిటికీ పక్కన కూర్చునే వెళ్ళింది.

అక్కణ్ణించి అదే అలవాటు. రావడం నడక, పోవడం బండి. సగం నడక తగ్గేసరికి లింకులో మనుషులు మిగిలారు. మిగిలినవాళ్ళని అచ్చియమ్మ ఒకణ్ణి విశాఖపట్నం పిల్లల మంచం దగ్గరికి, ఒకావిడని కూతకి బెదిరే పిల్ల దగ్గరికి పంపింది. చాలక ఇంకా అయిదుగురిని రోడ్డు నేర్పించింది. అయినా చాలడం లేదనీ, రాయపూర్ కాలనీ నుంచి కూడా పిల్లల్ని తెస్తున్నారనీ, మోకాళ్ళు మళ్ళీ వాచాయనీ వచ్చినవాళ్ళు చెప్పేవారు.

దసరా ముందు ఒకరోజు పాసింజరు ఆలస్యమైంది. చిన్నతల్లి బెంచీ మీద కాళ్ళు ఆడిస్తూ కూర్చుని, హౌరా వైపు పట్టాలు కలిసిపోయే చోటుకేసి చూస్తోంది.

"మావా, ఈ లైను ఎందాక పోతాది?"

"హౌరా దాకా."

"మద్దిలో ఎన్ని టేషన్లున్నాయి?"

"సెప్పలేనమ్మా. వందుంటాయి." ఆ ఒక్కసారి నిజంగానే తెలియదు.

"ఆటిల్లో కూకుని నీలాగ నీళ్ళిచ్చీవోళ్ళు ఎవులున్నారు?"

"ఎవులూ నేరు."

బండి కూత వినబడుతుండగా పిల్ల మూట చంకన పెట్టుకుని లేచింది.

"టేషనుకొకర్ని ఎయ్యాల మావా. జగన్నాథం గారికి సెప్పు, లింకు బేగి గియ్యమని."